హాలోవీన్ ముంగిటికి సొంతంగా చేసుకునే ఎల్‌ఈడీ స్పాట్‌లైట్లు: ఏ రకం దేనికి పనికొస్తుంది?

అక్టోబరు చివరి వారంలో అమెరికాలోని ఏ కాలనీలో సాయంత్రం పూట నడిచినా ఒక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఒక ఇంటి ముందు ఖరీదైన అస్థిపంజరాలు, నిలువెత్తు బొమ్మలు బారులు తీరి ఉంటాయి. గ్యారేజీ పైనున్న ఫ్లడ్‌లైటు వాటి మీద తెల్లటి వెలుగు కుమ్మరిస్తుంటుంది. అన్నీ కనిపిస్తాయి, ఏదీ భయపెట్టదు. అదే వీధిలో మరో ఇంటి ముందు థర్మాకోల్‌తో చేసిన నాలుగు సమాధి ఫలకాలు మాత్రమే ఉంటాయి. ఒక్కోదానికి పక్కనుంచి ఒక్కో చిన్న నీలి దీపం. మిఠాయిల సంచులతో వచ్చే పిల్లల నడక అక్కడికి రాగానే నెమ్మదిస్తుంది.

హాలోవీన్ అలంకరణలో బొమ్మల మీద కన్నా వెలుతురు మీద డబ్బు, శ్రమ పెట్టడం మేలని నా గట్టి నమ్మకం. అది కూడా పెద్ద దీపం ఒకటి కాదు, చిన్న దీపాలు చాలా కావాలి. వస్తువుకొక దీపం, దానికి దగ్గరగా, సన్నటి కిరణంతో. మిగతాదంతా చీకటిగానే వదిలేయాలి. ఇలా పది పదిహేను దీపాలు దుకాణంలో కొనాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది కాబట్టే చాలామంది సొంతంగా చేసుకుంటారు. టంకం (సోల్డరింగ్) వేయడం వచ్చినవారికి ఒక దారి, రానివారికి ఇంకో దారి ఉన్నాయి. ఎవరికి ఏది తగినదో చూద్దాం.

ముందు దూరం, ఆ తర్వాతే దీపం

దీపం ఎంచుకునేటప్పుడు అందరూ వాట్లు చూస్తారు. చూడవలసింది కిరణం ఎంత వెడల్పుగా విచ్చుకుంటుందన్నది. 5 మిల్లీమీటర్ల చిన్న ఎల్‌ఈడీల్లో 15, 20, 30 డిగ్రీల రకాలు దొరుకుతాయి. 20 డిగ్రీల దీపాన్ని మూడు మీటర్ల దూరంలో పెడితే వెలుగు దాదాపు ఒక మీటరు వెడల్పున పడుతుంది. 60 డిగ్రీలదైతే అదే దూరంలో మూడున్నర మీటర్లు పరుచుకుంటుంది. మామూలు ఫ్లడ్‌లైట్లు, ఎల్‌ఈడీ స్ట్రిప్పులు 120 డిగ్రీల దాకా విరజిమ్ముతాయి. మూడు మీటర్ల దూరానికే ఆ వెలుగు పది మీటర్లు దాటిపోతుంది. సమాధి ఫలకంతో పాటు పచ్చిక, నడకదారి, పక్కింటి కంచె అన్నీ వెలిగిపోతాయి.

కాబట్టి ముంగిట్లో ఏమేం పెడుతున్నారో కాగితం మీద గీసుకుని, ఒక్కో వస్తువుకు దీపం ఎంత దూరంలో దాక్కోగలదో రాసుకోండి. మీటరు లోపు ఎత్తున్న ఫలకానికి మీటరున్నర దూరంలో 30 డిగ్రీల దీపం చక్కగా సరిపోతుంది. పది మీటర్ల ఎత్తు చెట్టుకో, రెండో అంతస్తు కిటికీకో అది చాలదు. ఎంపిక సగం ఇక్కడే తేలిపోతుంది.

చిన్న ఎల్‌ఈడీలు, పీవీసీ పైపు

నా ఓటు దీనికే. ఎక్కువమందికి ఇదే సరిపోతుంది కాబట్టి దీని గురించి వివరంగా చెబుతాను.

అంగుళం పీవీసీ పైపు లోపలి వ్యాసం 26 మిల్లీమీటర్ల పైచిలుకు. అందులో తొమ్మిది ఎల్‌ఈడీలు మూడు వరుసలుగా హాయిగా పడతాయి. పైపును అరచేయి పొడవున కోసి, లోపల పట్టేలా గుండ్రటి నల్ల ప్లాస్టిక్ బిళ్ల ఒకటి కత్తిరించి, దానికి 5 మిల్లీమీటర్ల రంధ్రాలు తొమ్మిది వేయాలి. ఎల్‌ఈడీలను వెనుకనుంచి తోసి ఒక్కో చుక్క హాట్ గ్లూతో అతికించాలి. పొడవు కాలు ధన ధ్రువం. కాళ్లు కత్తిరించేశాక గుర్తు పట్టాలంటే ఎల్‌ఈడీ అంచును గోటితో తడిమి చూడండి, చదునుగా తగిలే వైపు రుణ ధ్రువం. ఒక వరుసలోని మూడింటిని ఒకదాని కాలు ఇంకోదాని కాలికి గొలుసులా టంకంతో కలిపి, ఆ గొలుసు మొదట్లో కరెంటును అదుపు చేసే రెసిస్టర్ ఒకటి పెట్టాలి. అలాంటి మూడు గొలుసులను సమాంతరంగా రెండు తీగలకు కలిపితే దీపం తయారైనట్టే.

రెసిస్టర్ లెక్క మాత్రం రంగును బట్టి మారుతుంది. నీలం, ఆకుపచ్చ, తెలుపు ఎల్‌ఈడీ ఒక్కొక్కటి 3.2 వోల్టుల దగ్గర తీసుకుంటుంది. మూడింటికి 9.6. పన్నెండు వోల్టుల్లోంచి అది తీసేస్తే మిగిలేది 2.4 వోల్టులు. 20 మిల్లీ ఆంపియర్లు పారాలంటే 120 ఓమ్‌లు చాలు. కానీ 150 పెట్టండి. కరెంటు 16 మిల్లీ ఆంపియర్లకు తగ్గుతుంది. ఆ తేడా కంటికి ఆనదు, ఎల్‌ఈడీకి ఆయుష్షు పెరుగుతుంది. ఎరుపు, ఆంబర్ (పసుపు కలిసిన నారింజ) రంగులకు ఇదే రెసిస్టర్ వాడితే మాత్రం చిక్కే. వాటి లోపలి పదార్థం వేరు, ఒక్కొక్కటి 2 వోల్టుల దగ్గరే ఆగుతుంది. మూడింటికి ఆరు పోను ఇంకా ఆరు వోల్టులు మిగులుతాయి కాబట్టి 150 ఓమ్‌లతో 40 మిల్లీ ఆంపియర్లు పారుతుంది, అంటే భరించగల దానికి రెట్టింపు. ఎరుపు, ఆంబర్ దీపాలకు గొలుసుకు ఐదు ఎల్‌ఈడీలు పెట్టి 120 ఓమ్‌లు వాడితే లెక్క కుదురుతుంది. పది ఎల్‌ఈడీలు, రెండు గొలుసులు.

బిళ్లను పైపు అంచు నుంచి మూడు సెంటీమీటర్లు లోపలికి జరిపి బిగించండి. బయటికి పొడుచుకొచ్చిన ఆ మూడు సెంటీమీటర్ల గొట్టమే దీపానికి గొడుగు. పక్కనుంచి నడిచే వాళ్ల కళ్లలో వెలుగు గుచ్చుకోకుండా అడ్డుపడుతుంది. దుకాణంలో దొరికే చాలా దీపాలకు లేనిది ఇదే.

మూసేసే ముందు కరెంటు ఇచ్చి తప్పక పరీక్షించండి. ఆ తర్వాత ఎల్‌ఈడీల వెనుక భాగమంతా సిలికాన్‌తో నింపాలి. వెనిగర్ వాసన కొట్టే రకం సిలికాన్ రాగిని తినేస్తుంది. న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్న రకం తీసుకోండి. హాట్ గ్లూ ఎల్‌ఈడీలను నిలబెట్టడానికి సరే కానీ, నీరు చొరకుండా ఆపే బాధ్యత దానికి అప్పగించకూడదు. చలి ముదిరితే పట్టు వదిలేస్తుంది. పైపు వెనుక మూత పెట్టి, తీగ వచ్చే రంధ్రం ఎప్పుడూ కింది వైపు ఉండేలా చూసుకుంటే వాననీరు నిలవదు. చివరగా పైపును గరుకు కాగితంతో రుద్ది, మెరుపు లేని నల్ల రంగు స్ప్రే చేయండి. రుద్దకుండా వేసిన రంగు పీవీసీ మీద నిలవదు.

ఇలా చేసిన దీపం ఒకటి అర వాటుకు కాస్త పైన మాత్రమే తీసుకుంటుంది. ఇరవై దీపాలకు కలిపి 12 వాట్లు. ఒకప్పుడు ముంగిళ్లలో వాడిన 75 వాట్ల రంగు ఫ్లడ్ బల్బు ఒక్కదానికి అయ్యే కరెంటులో ఆరో వంతు. ముట్టుకున్నా కాలదు, థర్మాకోల్‌కు ఆనుకున్నా కరగదు. లోటు ఏమిటంటే ఓపిక కావాలి. మూడు నాలుగు మీటర్లు దాటితే వెలుగు పలచబడుతుంది కూడా.

చెట్లకు, గోడలకు

దూరం పెరిగినప్పుడు రెండు దారులున్నాయి. ఒకటి, నక్షత్రం ఆకారపు అల్యూమినియం పలక మీద వచ్చే 1 వాటు, 3 వాట్ల ఎల్‌ఈడీలు. మొదటిదానికి 350, రెండోదానికి 700 మిల్లీ ఆంపియర్ల దాకా కరెంటు ఇస్తారు. పైన చిన్న కటకం పెట్టి కిరణాన్ని కావలసినంత సన్నం చేసుకోవచ్చు. చూడటానికి ముచ్చటేస్తుంది కానీ, దీనికి మామూలు రెసిస్టర్ చాలదు. కరెంటును స్థిరంగా ఉంచే డ్రైవర్ కావాలి. పెద్ద సమస్య వేడి. ఇచ్చిన శక్తిలో సగానికి పైగా వేడిగానే మారుతుంది. వేడిని లాగేసే అల్యూమినియం హీట్ సింకు లేకుండా వెలిగిస్తే కొద్దిసేపట్లోనే ఎల్‌ఈడీ పాడవుతుంది. పీవీసీ వేడిని బయటికి పోనివ్వదు కాబట్టి ఈ ఎల్‌ఈడీని పీవీసీ గొట్టంలో బిగించకూడదు. అల్యూమినియం గొట్టమో, చదరపు పట్టీయో వాడాలి. ఎలక్ట్రానిక్స్ అలవాటున్నవారికి ఇది మంచి పని. టంకం ఇప్పుడే నేర్చుకుంటున్నవారికి మాత్రం వద్దంటాను.

రెండోది, 12 వోల్టుల ఎంఆర్‌16 బల్బు. తోటల్లో దారి పక్కన పెట్టే దీపాల్లో ఉండేది ఇదే. రెండంగుళాల వ్యాసం ఉంటుంది కాబట్టి రెండంగుళాల పీవీసీ పైపులో సరిగ్గా ఇమిడిపోతుంది. వెనుక రెండు సూదుల హోల్డర్ తగిలించి, తీగలు కలిపితే చాలు. 3 నుంచి 5 వాట్ల రకాన్ని ఎంచుకుని, పైపు వెనుక భాగాన రెండు మూడు గాలి రంధ్రాలు వేయండి. 15, 24, 36 డిగ్రీల కోణాల్లో దొరుకుతుంది. బల్బు పోతే మరోటి తగిలించవచ్చు. టంకం రానివారికి నేను సూచించేది ఇదే. చెట్టు మొదట్లో పెట్టి పైకి గురిపెట్టిన ఆకుపచ్చ ఎంఆర్‌16 ఒక్కటి ముంగిలి రూపమే మార్చేస్తుంది.

ఒక జాగ్రత్త. తోట దీపాల ట్రాన్స్‌ఫార్మర్లు చాలావరకు 12 వోల్టుల ఏసీ ఇస్తాయి. ఏసీ, డీసీ రెండింటికీ పనికొస్తుందని రాసి ఉన్న ఎంఆర్‌16 బల్బులకు ఇబ్బంది లేదు. పీవీసీ పైపులో మీరు చేసిన చిన్న ఎల్‌ఈడీల దీపాన్ని మాత్రం దానికి కలపకండి. 12 వోల్టుల ఏసీ శిఖరం 17 వోల్టులకు చేరుతుంది, పైగా ప్రతి తరంగంలో సగం తిరగబడి వస్తుంది. ఎల్‌ఈడీలు మిణుకుతాయి, త్వరగా చచ్చిపోతాయి. ఇంట్లో పాత హాలోజెన్ దీపాలకు వాడిన ఎలక్ట్రానిక్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే దాన్నీ పక్కన పెట్టండి. వాటిలో చాలావాటికి కనీస లోడు ఉండాలి, ఎల్‌ఈడీ తీసుకునే కాస్త కరెంటుకు సరిగా నడవవు.

ఎల్‌ఈడీ స్ట్రిప్పు స్పాట్‌లైటు కాదు. శవపేటిక లోపల, వరండా మెట్ల కింద, గుమ్మడికాయల వెనుక దాచడానికి బాగుంటుంది, అంతవరకే. రిమోట్‌తో రంగులు మారే 10 వాట్ల రెడీమేడ్ ఫ్లడ్‌లైటు ఇంటి ముఖగోడకు నీలిరంగు పూయడానికి ఒకటి చాలు. దాన్ని బొమ్మల వైపు తిప్పకండి.

కరెంటు ఎక్కడినుంచి

నియంత్రిత 12 వోల్టుల డీసీ అడాప్టర్ ఒకటి, 2 ఆంపియర్లది. పదిహేను, ఇరవై చిన్న ఎల్‌ఈడీల పైపు దీపాలకు అదే ఎక్కువ. పాత పెట్టెలో దొరికిన బరువైన అడాప్టర్ వాడాలనిపిస్తే ముందు మల్టీమీటర్ పెట్టి చూడండి. నియంత్రణ లేని రకాలు లోడు తక్కువగా ఉన్నప్పుడు 16 వోల్టుల దాకా ఇస్తాయి. అప్పుడు 150 ఓమ్‌ల గొలుసులోనూ 40 మిల్లీ ఆంపియర్లు దాటుతుంది.

గొలుసుకు ఎల్‌ఈడీలు తగ్గించి, 9 వోల్టుల చిన్న బ్యాటరీతో ఒక్కో దీపాన్నీ విడిగా నడిపే పద్ధతి కూడా ఉంది. తీగలు లాగనక్కర్లేదు, అద్దె ఇళ్లకు సులువు. కానీ బ్యాటరీ వోల్టేజి తగ్గుతున్న కొద్దీ దీపం మసకబారుతుంది. పిల్లలు ఎక్కువగా వచ్చే వేళకు ఏ దీపం ఎలా ఉంటుందో చెప్పలేం. ఒక్క రాత్రికి, రెండు మూడు దీపాలకు మాత్రమే నేను దాన్ని ఒప్పుకుంటాను. తీగ లాగలేని చోట 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ల సీల్డ్ బ్యాటరీ నయం. పది దీపాలను సాయంత్రమంతా సులువుగా మోస్తుంది. నిండా ఛార్జి అయినప్పుడు దాని వోల్టేజి 12.7 దాకా ఉంటుంది, 150 ఓమ్‌లు పెట్టమన్నది అందుకు కూడా.

చాలామంది తీగ విషయం పట్టించుకోరు, కానీ ఆఖరి దీపం ఎలా వెలుగుతుందో తేల్చేది అదే. 18 గేజి రాగి తీగ నిరోధం కిలోమీటరుకు 21 ఓమ్‌ల దాకా ఉంటుంది. ఇరవై మీటర్ల దూరమంటే పోనూ రానూ నలభై మీటర్లు, 0.84 ఓమ్‌లు. చివర ఒక ఆంపియర్ లోడు ఉంటే 0.8 వోల్టులు దారిలోనే పోతాయి. మనకు మిగిలిన వెసులుబాటు 2.4 వోల్టులే కాబట్టి వెలుగు దాదాపు మూడో వంతు తగ్గిపోతుంది. సన్నటి 22 గేజి తీగ వాడితే అదే దూరానికి రెండు వోల్టులకు పైగా పోతాయి, ఇక దీపం వెలిగినట్టే ఉండదు. అందుకని ముఖ్య తీగను ఇంకా లావుగా ఉండే 16 గేజి తోట తీగతో లాగి, దాన్నుంచి ఒక్కో దీపానికి సన్నటి కొమ్మలు తీయండి. కొమ్మల చివర 5.5 × 2.1 మిల్లీమీటర్ల గుండ్రటి డీసీ ప్లగ్గులు పెడితే దీపాన్ని ఎక్కడైనా పీకి ఎక్కడైనా తగిలించవచ్చు. ఇది తర్వాత చాలా అక్కరకొస్తుంది.

అడాప్టర్‌ను వరండా లోపల, తడి తగలని చోట ఉంచాలి. గోడ అవుట్‌లెట్ జీఎఫ్‌సీఐ రకమో కాదో పరీక్ష బటన్ నొక్కి చూసుకోండి. 4 నుంచి 6 మిల్లీ ఆంపియర్ల లీకేజీ కనబడగానే అది కరెంటు కోసేస్తుంది. బయట ముంగిట్లోకి వెళ్లేది 12 వోల్టులే అయి ఉండాలి. తడి పచ్చిక మీద, ముసుగులు తొడుక్కుని సరిగా దారి కనబడని పిల్లలు పరుగెత్తే చోట, 120 వోల్టుల తీగ పరవడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

ఎలా నిలబెట్టాలి

మెత్తటి నేల ఉంటే అన్నిటికన్నా మేలైనది ఇనుప చువ్వ. 3/8 అంగుళం చువ్వను జానెడు లోతు దిగేసి, పైన అర అంగుళం పీవీసీ గొట్టం తొడగాలి. గొట్టం చివర మోచేయి బిగిస్తే దీపం తలను అటూ ఇటూ తిప్పుకోవచ్చు. అతుకులకు పీవీసీ జిగురు రాయకండి. బిగుతుగా తోస్తే చాలు, చీకటి పడ్డాక గురి సరిచేసుకోవడానికి వీలుంటుంది. పచ్చిక కింద స్ప్రింక్లర్ గొట్టాలు ఎక్కడున్నాయో చూసుకుని చువ్వ దించండి. లోతుగా ఏదైనా పాతాలనుకుంటే ముందు 811కు ఫోన్ చేయాలి, భూమిలోని గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో గుర్తులు పెట్టించి వెళ్తారు.

కాంక్రీటు డ్రైవ్‌వే మీద చువ్వ దిగదు. అక్కడ అర అంగుళం పైపులు, టీ అతుకులతో హెచ్ ఆకారపు పీట చేసి, పైపుల్లో ఇసుక నింపి మూతలు పెట్టండి. గాలికి పడదు. వరండా రెయిలింగుకు స్ప్రింగు క్లాంపు సరిపోతుంది. చెట్టుకు మేకు కొట్టకండి, నాడా పట్టీతో కట్టండి.

ఏ కోణంలో పెట్టాలన్నది ఎత్తును బట్టి తేలుతుంది. సమాధి ఫలకానికి ఎదురుగా దీపం పెడితే చెక్కిన అక్షరాలు చదునైపోతాయి. నేలకు దగ్గరగా, పక్కనుంచి వెలుగు గీసుకుంటూ పోయేలా పెడితే ప్రతి గీతకూ నీడ పడి రాయి పాతదిగా కనిపిస్తుంది. అస్థిపంజరానికి, మంత్రగత్తె ముఖానికి మాత్రం కిందనుంచి. వెలుగు పైనుంచి పడటమే మన కళ్లకు అలవాటు. కిందనుంచి వస్తే కనుబొమల నీడ పైకి ఎగబాకి తెలిసిన ముఖం కూడా పరాయిదవుతుంది. దీపాన్ని ముందు వరుస ఫలకం వెనుక దాచి, వెనుక వరుస ఫలకం మీదికి గురిపెడితే దీపమూ కనబడదు, ముందు ఫలకం నల్లటి ఆకారంగా నిలుస్తుంది. ఇదంతా వీధిలో నిలబడి చూస్తూ సరిచేయాల్సిన పని. ఇంటి గుమ్మంలోంచి చూస్తే తెలియదు.

రంగులు

మసక చీకట్లో మన కన్ను నీలం, ఆకుపచ్చలను బాగా పట్టుకుంటుంది, ఎరుపు నల్లబడిపోతుంది. పందొమ్మిదో శతాబ్దంలో పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త గమనించిన సంగతి ఇది. అందుకే సమాధుల తోటకు నీలమే ఆధారం. దాని మీద ఒకటి రెండు చోట్ల ఆంబర్ వేస్తే గుమ్మడికాయలు ఎగిసి కనిపిస్తాయి. ఎరుపును ఒక్క కిటికీకో, ఒక్క తలుపుకో పరిమితం చేయండి, ముంగిలంతా పూస్తే ఏమీ కనబడదు. తెల్ల దీపానికి నీలి కాగితం చుట్టే పద్ధతి ఇప్పుడు అనవసరం. ఆ కాగితం వెలుగులో చాలా భాగాన్ని మింగేస్తుంది. ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీలు 1990లకు ముందు లేవు కాబట్టి అప్పటివారికి వేరే దారి లేదు. వాటిని సాధించినందుకే అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. ఇప్పుడు అదే దీపం చిల్లర డబ్బులకు దొరుకుతోంది. ఫాగ్ మెషీన్ ఉంటే దీపం పొగకు వెనుక ఉండాలి, ముందు ఉంటే పొగ తెల్ల గోడలా కనిపిస్తుంది.

ఎవరికి ఏది

సొంత ఇల్లు, ముందు పచ్చిక, టంకం వేయడం వచ్చు అంటే చిన్న ఎల్‌ఈడీల పైపు దీపాలు చేసుకోండి, పెద్ద చెట్టుకు ఒక ఎంఆర్‌16 కలపండి. టంకం రాదంటే అన్నీ ఎంఆర్‌16లే పెట్టి, సంఖ్య తగ్గించండి. టౌన్‌హౌస్‌లో ఉండి, ముందు కాంక్రీటు తప్ప ఏమీ లేకపోతే ఇసుక పీటలు, రెయిలింగు క్లాంపులు, మూడు నాలుగు దీపాలు చాలు. అలంకరణ ఎప్పుడు పెట్టాలి, ఎప్పుడు తీయాలి అనే నియమాలు చాలా హెచ్‌ఓఏలలో (కాలనీ ఇళ్ల యజమానుల సంఘాల్లో) ఉంటాయి, ముందే చదువుకోండి.

ఇక్కడి తెలుగు ఇళ్లకు ఇంకో లెక్క ఉంది. దీపావళి, హాలోవీన్ ఎప్పుడూ అటూ ఇటూగానే వస్తాయి. 2024లో రెండూ అక్టోబరు 31నే పడ్డాయి. దీపాలకు డీసీ ప్లగ్గులు పెట్టమన్నది ఇందుకే. చువ్వలు, తీగలు, అడాప్టర్ అలాగే ఉంచి, నీలి తలలు పీకేసి వెచ్చటి తెలుపు, ఆంబర్ తలలు తగిలిస్తే అదే ముంగిలి ముగ్గుకు, తులసి కోటకు వెలుగిస్తుంది. అక్టోబరులో దసరా బొమ్మల కొలువు పెట్టేవారికి మెట్ల పక్కన కూడా ఈ సన్నటి కిరణాలు బాగా పనికొస్తాయి.

మొదటి ఏడాదికి నాలుగు నీలం, రెండు ఆంబర్, చెట్టుకు ఒక ఆకుపచ్చ ఎంఆర్‌16 అనుకుని సామాను తెప్పించుకోండి. ఎల్‌ఈడీలు, రెసిస్టర్లు వందల లెక్కన కొంటేనే చవక కాబట్టి మిగిలినవి వచ్చే ఏడాదికి ఉంటాయి. సెప్టెంబరు నెలాఖరుకే మొదలుపెడితే, అక్టోబరులో చీకటి త్వరగా పడే సాయంత్రాలన్నీ గురి కుదుర్చుకోవడానికి మిగులుతాయి.